ఆవపల్లి దాకా చెల్లని వీసా

ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైనవాడు జ్ఞాపకాలు రాస్తానంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతారట. నాకా ఇబ్బంది లేదు, నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకని ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

బస్తర్లోని జగదల్‌పూర్ శివార్లలో ఒక విశ్వవిద్యాలయంలో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా దిగాను. నియామకాలు, సెలవులు, ఇంక్రిమెంట్లు, సర్వీసు పుస్తకాలు, ఇవే నా లోకం. అటవీ శాఖవాళ్ళలా పులుల కథలు చెప్పలేను. నాకున్నదల్లా ఒక ఫైలు. ఇప్పుడిప్పుడే ఇలాంటి కుర్చీల్లో కూర్చుంటున్న పిల్లల కోసం దాని సంగతి రాస్తున్నాను. రూల్సు నేర్పడానికి కాదు. రూల్సు మీ కంప్యూటరు నాకంటే బాగా చెబుతుంది.

మాది తెలుగు నేలకు సరిహద్దులో ఉన్న భోపాలపట్నం. నాన్నకు కిరాణా దుకాణం ఉండేది. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు తెచ్చే దోర్ల గిరిజన రైతులు ఇంట్లో దోర్లీ మాట్లాడుకుని, మా గల్లా ముందు సరిహద్దు తెలుగు మాట్లాడేవాళ్ళు. ఆ రెండూ వింటూ పెరిగాను. దుకాణం అన్నయ్య చూసుకున్నాడు, నేను చదువుకుని ఉద్యోగంలో పడ్డాను. జగదల్‌పూర్లో ఆఫీసంతా హిందీ, బజారంతా హల్బీ. తెలుగు మాట్లాడటానికి నా భార్య ఉండేది. ఆవిడ పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, తెలుగు నాకు ఆదివారం పొద్దున అన్నయ్యతో ఫోన్లో మాట్లాడే పది నిమిషాల భాష అయిపోయింది. క్వార్టర్లో ఒక్కోసారి కుక్కర్‌తో మాట్లాడేవాణ్ణి. అది ఈల వేసి ఊరుకునేది.

ఆ ఫైలు వచ్చేటప్పటికి నాకింకా రెండేళ్ళ సర్వీసుంది. రిజిస్ట్రార్‌గారి గదికి పిలుపొస్తే వెళ్ళాను. మానవశాస్త్ర విభాగం హెడ్డు అక్కడే కూర్చుని ఉన్నారు. యూరప్‌లో ఒక చలిదేశం నుంచి ఒక విద్వాంసురాలు ఏడాది పాటు మా దగ్గర పనిచేయడానికి ఒప్పుకుందట. యాభై ఏళ్ళ కిందట ఆమె గురువు, కుర్రవాడిగా ఉన్నప్పుడు, ఆవపల్లికి అవతల ఒక పల్లెలో కొన్ని నెలలుండి అక్కడి దోర్లవాళ్ళ మాటలు, దోర్లీవీ తెలుగువీ, టేపుల మీదికి ఎక్కించుకుపోయాడు. ఆయన పోయాడు, టేపులు మిగిలాయి. ఆ టేపుల్లో మాట్లాడినవాళ్ళలో ఇప్పుడు ఒకే ఒక్క ముసలమ్మ బతికి ఉంది. అప్పట్లో ఆమె కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. ఏ గొంతు ఎవరిదో, ఏ మాటకు అర్థమేమిటో, మధ్యలో అందరూ ఎందుకు నవ్వారో చెప్పగలిగింది ఆ అవ్వ ఒక్కతే. ఆవిడ పోయేలోగా పక్కన కూర్చుని టేపులు వినిపించి, అడిగి రాసుకోవాలి. విద్వాంసురాలు వస్తున్నది అందుకోసమే.

"అవ్వ వయసెంత?" అన్నారు రిజిస్ట్రార్‌గారు.

"ఆవిడకే తెలీదు సార్."

"అయితే జల్దీ చెయ్యాలి." నా వైపు తిరిగారు. "బాబూజీ, మీ ఇంగ్లీషు బాగుంటుంది. ఈ వీసా వ్యవహారం మీరే చూడండి."

మా దగ్గర ఇంగ్లీషు బాగుండటమంటే, సవినయంగా మనవి అని మొదలుపెట్టి ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ఒక పేజీ నింపగలగడం. అది నాకొచ్చు. వీసాల గురించి మాత్రం ఓనమాలు రావు. రెండు వారాలు రూల్సు ముందేసుకుని కూర్చున్నాను.

మూడు దారులు కనబడ్డాయి. మొదటిది టూరిస్టు వీసానో సదస్సు వీసానో తెప్పించుకోవడం. తొందరగా వస్తుంది, కానీ దాని మీద మనిషిని పనిలో పెట్టుకోకూడదు. హెడ్డుగారు మెల్లిగా ఆ మాట కదిపితే నేనే వద్దన్నాను. రెండోది పరిశోధన వీసా. నిజానికి సరైనది అదే. ఏ పని, ఏ ఊరు అన్నీ అందులో రాస్తారు. అయితే ఢిల్లీలో నాలుగైదు బల్లల మీద ఒప్పుకోవాలి, ఊరు ఆవపల్లి అవతల, నక్సలైట్ల అడవుల్లో, అని చూడగానే ఇంకో రెండు బల్లల మీదికి పోతుంది. ఎన్ని నెలలు పడుతుందో చెప్పే నాథుడు లేడు. మూడోది ఉద్యోగ వీసా. విదేశీయులకు ఇంత జీతానికి తగ్గకూడదని ప్రభుత్వం ఒక గీత గీసింది. మా విశ్వవిద్యాలయం ఇవ్వగలిగింది ఆ గీతకు మోకాలెత్తు కూడా రాదు. కానీ కింద చిన్నక్షరాల్లో ఒక మినహాయింపు ఉంది. ఇంగ్లీషు కాకుండా మరో విదేశీ భాష నేర్పే పంతుళ్ళకు ఆ గీత వర్తించదు.

ఆ చిన్నక్షరాలు దొరికిన రోజు క్యాంటీన్లో అందరికీ టీ ఇప్పించాను. ఆమె తన మాతృభాషను మా పిల్లలకు సర్టిఫికెట్ కోర్సుగా నేర్పుతుంది. సెలవు రోజుల్లో పల్లెకు పోయి అవ్వ దగ్గర కూర్చుంటుంది. వీసా రెండు నెలల్లో చేతికొస్తుంది. హెడ్డుగారు నా భుజం తట్టారు. బస్తర్లో ఆ చలిదేశం భాష ఎవరు నేర్చుకుంటారని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇక కాగితాలు. పిల్లలూ, ఆఫీసులో కాగితం రాయడమంటే పాత కాగితం వెతకడమని మీకీపాటికి తెలిసే ఉంటుంది. పేర్లు మారుస్తాం, తేదీలు మారుస్తాం, మిగతాది పెద్దలు రాసింది కదా అని ముట్టుకోం. మా బీరువాల్లో విదేశీయుల కాగితం ఒక్కటీ లేదు. దూరాన గనుల టౌన్‌షిప్‌లో నాకు ముఖపరిచయమున్న ఒక తెలుగాయన ఉండేవాడు, ఆంధ్ర నుంచి వచ్చి అక్కడ సిబ్బంది విభాగంలో పనిచేసేవాడు. వాళ్ళ దగ్గరికి ఒకప్పుడు యంత్రాలు బిగించడానికి విదేశీ ఇంజనీర్లు వచ్చారు. ఆయన్ని అడిగితే అప్పటి పూచీకత్తు ఉత్తరం నకలు పంపాడు. రెండు పేజీల చక్కని ఉత్తరం. గనుల సంస్థ అన్నచోట విశ్వవిద్యాలయం అని, ఇంజనీరు అన్నచోట భాషా బోధకురాలు అని మార్చి టైపు చేయించాను. రిజిస్ట్రార్‌గారు సంతకం పెట్టారు. చదివి పెట్టారని నేనూ అనుకోలేదు, ఆయనా అనలేదు.

రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. సదరు వ్యక్తి సంస్థ ఆవరణలోనే పనిచేస్తూ అక్కడే నివసిస్తారని, జిల్లాలో గానీ ఇరుగుపొరుగు జిల్లాల్లో గానీ మరే ప్రాంతానికీ వెళ్ళరని, అందుకు సంస్థదే పూచీ అని. యంత్రాలు బిగించడానికొచ్చినవాళ్ళకు ఆ వాక్యంతో పేచీ ఏముంటుంది! ఆమె మాత్రం ఆ ఆవరణ దాటడానికే వస్తోంది. నేను దాన్ని చదివాను. చదివి, కామా ఒకటి తప్పుంటే దిద్దాను కూడా.

చలికాలానికి ముందు ఆమె దిగింది. రైల్వే స్టేషన్‌కు నేనే వెళ్ళాను. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, పొడుగ్గా ఉంది, వీపున పెద్ద సంచీ. ఇంగ్లీషులో స్వాగతం చెప్పడానికి దారంతా వల్లెవేసుకున్నాను. ఆమె నన్ను చూసి చేతులు జోడించి, "కాకా, మంచిగున్నవా?" అంది.

ఏ భాషలో అడిగిందో పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది. అది మా దుకాణం ముందు వినబడే తెలుగు. మా నాన్న కాలం నాటిది. గురువుగారి టేపులు విని నేర్చుకుందట. యాభై ఏళ్ళ కిందటి రైతులు ఎలా మాట్లాడారో అలాగే మాట్లాడేది. ఆటో ఎక్కాక, "దూపైతంది కాకా, తవ్వెడు నీళ్ళు దొరుకుతయా?" అంది. తవ్వతో మేం ఇప్పపువ్వు కొలిచేవాళ్ళం, నీళ్ళు ఎవరూ కొలవలేదు. నవ్వాపుకోలేకపోయాను. అంతకుముందు అలా ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

వచ్చిన విదేశీయులు పద్నాలుగు రోజుల్లోగా పోలీసు కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. తీసుకెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. మా కాగితాలు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు. ఆ ఉత్తరాన్ని అసలు చదివిన మొదటి మనిషి ఆయనే. నేను ఆవపల్లి మాట ఎత్తగానే రెండో పేజీ నా ముందు పెట్టాడు.

"ఆవిడ ఆవరణ దాటదని మీ సంస్థే రాసిచ్చింది కదా బాబూజీ. వీసా ఇచ్చింది దీన్ని చూసి. ఇప్పుడు మీరే దాటిస్తానంటే ఎలా? రేపు అటు ఏదన్నా జరిగితే పూచీ ఎవరిది?"

ఆయన మాటలో తప్పు లేదు. తిరిగొచ్చి రిజిస్ట్రార్‌గారికి చెప్పాను. ఉత్తరంలో పొరపాటు దొర్లిందని ఇంకో ఉత్తరం రాద్దామన్నాను.

"అంటే నేను చదవకుండా సంతకం పెట్టానని నా సంతకంతోనే రాయమంటారా?" అన్నారాయన. కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, "పైకి వివరణ కోరుతూ రాయండి. ఏం చెబుతారో చూద్దాం," అన్నారు.

పైకి రాశాను. ఇలా పైకి పోయిన ఉత్తరాలు ఏమవుతాయో అన్నేళ్ళ సర్వీసున్న నాకు తెలియనిది కాదు.

ఆ మర్నాడు సాయంత్రం ఆమె నా సెక్షన్‌కు వచ్చింది. అందరూ వెళ్ళిపోతున్నారు. నా బల్లకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందురోజే పల్లెకు ఫోన్ చేయించి చూశాం. అక్కడి బడిపంతులు ద్వారా అవ్వ కూతురి నంబరు సంపాదించి నా డైరీలో రాసుకున్నాను. కూతురు ఫోన్ తీసుకెళ్ళి అవ్వ చెవి దగ్గర పెట్టింది. అవ్వకు ఫోన్లో మాట సరిగా వినబడదు. "ఎవలది? ఎవలు మాట్లాడేది?" అని నాలుగుసార్లు అరిచి, "మంచిదే, రమ్మను," అని పక్కకు పెట్టేసింది. ఫోన్ మీద జరిగే పని కాదని అందరికీ అర్థమైంది.

"కాకా, నాకు నిజం చెప్పు," అంది ఆమె. "ఇప్పుడే మా దేశం పోయి పరిశోధన వీసా పెట్టుకోవాల్నా? ఈడనే ఉండి పైనుంచి ఉత్తరం వచ్చేదాక సూడాల్నా?"

ఉద్యోగ వీసాను ఇక్కడ కూర్చుని పరిశోధన వీసాగా మార్చుకునే వీల్లేదు. దేశం వెళ్ళి మొదట్నుంచి పెట్టుకోవాలి. వెంటనే వెళ్తే, అన్నీ కుదిరితే, ఎండాకాలం లోపు ఆవపల్లి పేరున్న కాగితంతో తిరిగి రావచ్చు. ఉంటే, పైనుంచి జవాబు రాదు. నేను చెప్పాల్సింది ఒకటే మాట. పో బిడ్డా, రేపే పో అనాలి.

"ఉండు బిడ్డా," అన్నాను. "పైకి రాసినం గద. వస్తది. పోతే మళ్ళ వీసా ఇస్తరో ఇయ్యరో."

ఆమె తలూపింది. నమ్మింది. కాసేపటికి, "పోనీ, అవ్వ ఈడికి రాదా?" అంది.

"ఈడికా? ఆ వయసుల? ఆ ఊరికి దారే లేదు. మంచం మీద మోసుకొని రావాలె."

"ఒకసారి అడిగి సూస్తవా?"

"అడుగుత," అన్నాను.

అడగలేదు. ఆ దిక్కుకు నేను చివరిసారి పోయింది పెళ్ళికాక ముందు, నాన్నతో ఇప్పపువ్వు కొనడానికి. అప్పుడు దారి లేదు. వాగు దగ్గర బండి దింపి నడిచాం. ఇప్పుడు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది, ఫోన్ చేసి ఏం లాభం అనుకున్నాను. వారం తర్వాత ఆమె గుర్తుచేసింది. "అడిగిన బిడ్డా. కష్టమన్నరు," అన్నాను.

ఆ మాట ఎంతో తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. ఇప్పుడు రాయడానికి మాత్రం రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

అలా ఆమె మా క్యాంపస్‌లో పంతులమ్మగా ఉండిపోయింది. కోర్సుకు పదకొండుమంది చేరారు, సర్టిఫికెట్ వస్తుంది కదా అని. ఆ భాషలో మూడు లింగాలున్నాయని, బల్లకీ చెంచాకీ కూడా వేర్వేరు లింగమని తెలిశాక ఆరుగురు మిగిలారు. సంక్రాంతి సెలవులయ్యాక ముగ్గురు. ఆ ముగ్గురికే ఆమె రోజూ గంటసేపు శ్రద్ధగా చెప్పేది. మిగతా వేళంతా గెస్ట్‌హౌస్ గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని టేపులు వింటూ, అర్థంకాని మాటలకు నోటుపుస్తకంలో ఖాళీలు వదిలేది. ఆ నోటుపుస్తకం ఒకసారి చూశాను. పేజీకి సగం ఖాళీలే.

అయిదింటికి నా సెక్షన్‌కు వచ్చేది. నేను హీటర్ మీద టీ పెట్టేవాణ్ణి. ఇద్దరం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఆమె ఖాళీల్లో కొన్ని నేను పూరించేవాణ్ణి, సంత మాటలు, కొలతల పేర్లు, బేరాల్లో వాడే తిట్లు. ఊరి లోపలి సంగతులు, పొలం పనులు, ఎవరికి ఎవరేమవుతారు అన్నవి నాకు తెలిసేవి కావు. "ఇది అవ్వకే ఎరుక," అనేది. నేను కప్పులో ఇంకొంచెం టీ పోసేవాణ్ణి. నా భార్య పోయాక నేను బతికిన సాయంత్రాలు అవే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, పొద్దున లేస్తూనే అయిదెప్పుడవుతుందా అని చూసేవాణ్ణి.

మా డిస్పాచ్‌లో ఒకావిడ ఉండేది, అందరం దీదీ అనేవాళ్ళం. బస్తర్ మనిషి, ఇంట్లో హల్బీ. ముద్రలు కొడుతూ కొడుతూనే లోకంలోని సంగతులన్నీ గమనించేది.

"ఏం బాబూజీ, ఈమధ్య రోజూ ఇస్త్రీ చొక్కానే. ఇంటికి కూతురొచ్చినట్టుంది," అని నవ్వింది ఒకరోజు.

నేనూ నవ్వాను. ఆవిడ ఇంకో రెండు కవర్ల మీద ముద్ర కొట్టి, "పాపం, ఆ పిల్ల వచ్చిన పని మొదలైందా?" అంది.

"పైనుంచి ఉత్తరం రావాలి దీదీ."

"ఉత్తరాలు నా బల్ల మీదుగానే కదా వస్తాయి. ఏదీ రావట్లేదే," అంది. నేను సంతకం పెట్టాల్సిన రిజిస్టరు ఏదో గుర్తొచ్చినట్టు లేచి వచ్చేశాను.

వేసవిలో, పరీక్షల హడావుడి నడుస్తుండగా, నా ఫోన్ మోగింది. అవ్వ కూతురు. నా నంబరు దాచుకుందన్నమాట.

"సారూ, మా అమ్మ పోయింది. మొన్న. ఆ పిల్లకు చెప్తవని జేసిన."

సాయంత్రం దాకా ఆగి చెప్పాను. ఆమె ఏడవలేదు. టీ కప్పు బల్ల మీద పెట్టి, "జరం వచ్చిందా?" అని అడిగింది. తెలీదన్నాను. నోటుపుస్తకం తెరిచి, ఖాళీలున్న పేజీలు ఒక్కొక్కటీ తిప్పుకుంటూ పోయి, చివరి పేజీ దాకా తిప్పి మూసేసింది. ఆ రోజు నుంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మానేసింది. పాఠం మాత్రం మానలేదు. ఒప్పందం ఉన్న చివరి రోజు వరకూ ఆ ముగ్గురికీ చెప్పింది.

పైకి పంపిన ఉత్తరానికి ఆమె వెళ్ళడానికి పదిరోజుల ముందు జవాబొచ్చింది. మీ ఉత్తరంతో జతపరిచామన్న రెండో పేజీ అందలేదు, మళ్ళీ పంపగలరు అని.

వెళ్ళేరోజు స్టేషన్‌కు మళ్ళీ నేనే వెళ్ళాను. ఆమె నా చేతిలో ఒక చిన్న స్పీకరు, పెన్‌డ్రైవు పెట్టింది. టేపుల్లోని మాటలన్నీ అందులో ఉన్నాయట. "ఎప్పుడన్న ఆ ఊరికి పోతే వాళ్ళకు ఇనిపియ్యి కాకా. వాళ్ళయే గద." రైలు కదలబోతుంటే, "నువ్వు లేకుంటే ఈ ఏడాది నాకు శాన కష్టమైతుండె," అంది.

ఎవరైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కృతజ్ఞత చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఏడాది రిటైరయ్యాను. శాలువా కప్పారు, రిజిస్ట్రార్‌గారు నా ఇంగ్లీషును పొగిడారు. క్వార్టరు ఖాళీచేసి బజారు వెనక రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. స్పీకరు అలమారలో ఉండేది. అలమార తెరిచినప్పుడల్లా కనబడేది. పంటలు కోతకొచ్చే రోజుల్లో ఒక పొద్దున దాన్ని సంచీలో వేసుకుని బస్టాండుకు వెళ్ళాను. ఆవపల్లిలో దిగి, అవతలికి దారెటని అడిగితే, టీకొట్టువాడు నన్ను వింతగా చూసి, "దారేంది సారూ, అగో బస్సే పోతది," అని చూపించాడు.

నల్లటి తారురోడ్డు. వాగు మీద వంతెన. బస్సు సరాసరి ఊరి మొగదలలో ఆగింది. రోడ్డు పడి మూడో ఏడని పక్కన కూర్చున్నాయన చెప్పాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆమె నా ఎదురుగా కూర్చుని, అవ్వ ఈడికి రాదా అని అడిగేనాటికే ఈ రోడ్డుంది.

అవ్వ కూతురు వాకిట్లో వడ్లు ఆరబోస్తోంది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. ఫోన్లో మాట్లాడిన సారుని నేనే అని చెబితే, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది, నీళ్ళిచ్చింది. స్పీకరు తీసి పెట్టాను. మగవాళ్ళ మాటలు, ఎక్కడో కోడి కూత, తర్వాత ఒక పడుచుపిల్ల ఏదో అని ఆగకుండా నవ్వడం. ఆమె చాట పక్కన పెట్టేసింది.

"ఇది నా గొంతే గద!" అంది. తర్వాత తనే అర్థం చేసుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తల్లిని ఆమె ఆ వయసులో ఎన్నడూ వినలేదు కదా.

అంతా అయ్యాక అడిగింది. "ఆ పిల్ల ఎందుకు రాలె సారూ?"

"పర్మిషన్ రాలె. గేటు దాటొద్దని కాగితముండె."

"ఆ పిల్లకు గద వద్దన్నది. మా అమ్మకు గాదు గద."

 ఆమెలో కోపం లేదు, వడ్లలోంచి రాళ్ళు ఏరుతూ మామూలుగానే అంటోంది.

"మా అమ్మ పోయేముందటి చలికాలం జగదల్‌పూర్లనే ఉండె. కండ్ల ఆపరేషన్. పెద్దాసుపత్రిల ఎనిమిది దినాలున్నం. ఈ బస్సుకే వోయినం. కట్టిప్పినంక బజారు జూస్తనంటే తిప్పిన, గాజులేయించుకున్నది. ఆ ఫోన్ల మాట్లాడిన పిల్ల ఈ ఊర్లనే ఉంటదట గద అన్నది. పోదామా అని నేనంటే, వాళ్ళు పిలువంది ఎట్ల పోతమే అన్నది."

ఆసుపత్రికీ మా క్యాంపస్‌కూ ఆటోలో పదిహేను నిమిషాలు. ఆ ఎనిమిది రోజుల్లోనూ సాయంత్రం అయిదింటికి నేను టీ పెట్టే ఉంటాను. ఆ పిల్ల నోటుపుస్తకంలో వేలు పెట్టి, ఇది అవ్వకే ఎరుక అనే ఉంటుంది.

"నా నంబరు నీ కాడుండె గద," అంది అవ్వ కూతురు. "నువ్వెందుకు పిలువలె?"

దారి లేదనుకున్నా అనబోయాను. ఆ దారి మీదే వచ్చి ఆమె ముందు కూర్చుని ఉన్నాను. రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న ఆ జవాబు ఆమె ముందు నోరు దాటి రాలేదు.

"పిలిస్తే వస్తదేమోననిపించింది," అన్నాను. "వస్తే ఆ పిల్ల పనైపోతది. పనైపోతే ఎల్లిపోతది. నాతోని తెలుగు మాట్లాడేటోళ్ళు ఎవలూ లేరమ్మా."

రాళ్ళు ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది.  వడ్ల మీదికొచ్చిన కోళ్ళను అదిలించింది. తిడుతుందేమో, లేచి పొమ్మంటుందేమో అని కుర్చీ అంచున కూర్చున్నాను.

"ఇంకోపారి పెట్టు సారూ," అంది. "మా అమ్మ నవ్విన కాడికెళ్ళి."

ఆ చోటు వెతికి పెట్టాను.